సముద్రయాన నిషేధము – తీర్థోదక శౌచము



గత కార్తీక మాసమున ఒక సోమవారము నాడు, మా పరవాడ శివాలయములో మహన్యాసపూర్వక రుద్రాభిషేకము ముగిసిన తరువాత, నాతో కలిసి వేదాధ్యయనము చేసిన ఒక ఘనపాఠి నన్ను మండపము ప్రక్కకు పిలిచి, చనువుతోనే అయినను కొంత నిష్ఠురముగా అడిగినారు.

“ఏమయ్యా, ఆడపిల్లను సముద్రం దాటించావు. పోనీ వైద్యమో గణితమో అనుకుంటే, పర్యావరణమట! మన వేదంలో లేని పర్యావరణం ఆ జర్మనీలో ఉందా? బౌధాయనుడు ఏమన్నాడో నువ్వూ నేనూ ఒకే గురువుగారి దగ్గర చదువుకున్నాం కదా!”

ఆ దినము భక్తసమ్మర్దము వలన సమాధానము చెప్పలేకపోయినాను. నిజమునకు సమ్మర్దము లేకున్నను చెప్పియుండలేను. ఆ మాటలో రెండు ప్రశ్నలున్నవి. విద్య కొరకు సముద్రమును దాటుట ధర్మభ్రంశమా? వేదమునందే ఉన్న జలధర్మమును నేర్చుకొనుటకు పరదేశమునకు పోవుట ఎందులకు? ఈ రెంటికిని ఇప్పుడు సమాధానము వ్రాయుచున్నాను. ఇందులో నా దోషము ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. దానిని దాచి ఈ వ్యాసము వ్రాయుట నాకు సాధ్యము కాలేదు.

ముందుగా నిషేధమును గురించి. మేము ఆపస్తంబ సూత్రీయులము. అయినను బౌధాయన మహర్షి వచనము మాకు శిరోధార్యమే. ఆయన ధర్మసూత్రములో పతనీయ కర్మలను లెక్కించునప్పుడు సముద్రయానమును మొట్టమొదట చెప్పినమాట సత్యము. కలివర్జ్యములను వ్రాసిన నిబంధనకర్తలు మరికొంత ముందుకు పోయి, సముద్రయానము చేసిన ద్విజుని ప్రాయశ్చిత్తము తరువాత కూడా పంక్తిలో చేర్చుకొనరాదన్నారు. అయితే అదే బౌధాయనుడు తన గ్రంథారంభమున ఉత్తరదేశవాసుల ఆచారములను చెప్పుచు సముద్రయానమును వాటిలో ఒకటిగా పేర్కొన్నాడు. అనగా ఆయన కాలమునకే ఓడలెక్కు ఆర్యులుండిరి. విమానములో పోయినవారికి ఈ నిషేధము వర్తించదని తప్పుకొనువారును కలరు. ఆ చమత్కారము నాకు రుచించదు.

1888లో న్యాయశాస్త్రము చదువుటకు ఇంగ్లాండుకు బయలుదేరిన మోహనదాస్ గాంధీని బొంబాయిలోని ఆయన కులపెద్దలు వెలివేసినారు. 1891లో ఆయన తిరిగివచ్చిన పిమ్మట అన్నగారు ఆయనను నాసికకు తీసుకొనిపోయి పుణ్యనదీ స్నానము చేయించినారు. ఆ నది మన గోదావరియే. సముద్రము దాటినవానికి అంటిన మైలను నది కడుగునని ఆనాటి విశ్వాసము. ఆ కడుగవలసిన నీరే మైలపడినచో ఏమి చేయవలెనో ఆ పెద్దలు చెప్పలేదు. వారికి ఆ అవసరము రాలేదు. మనకు వచ్చినది.

మా అమ్మాయి విశాఖపట్టణములో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసి, 2023 అక్టోబరులో జర్మనీ దేశపు కాట్‌బుస్ నగరమునకు వెళ్ళినది. బెర్లిన్‌కు ఆగ్నేయ దిశగా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరములో ఉన్న ఆ చిన్న నగరమున, బ్రాండెన్‌బుర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయములో, పర్యావరణ వనరుల నిర్వహణ అను స్నాతకోత్తర విద్య ఆంగ్లములో బోధింపబడుచున్నది. ప్రభుత్వ విశ్వవిద్యాలయము కనుక బోధనా రుసుము లేదు. సెమిస్టరుకొక నిర్ణీత చెల్లింపు మాత్రమే. అయితే వీసాకు ముందే ఒక సంవత్సరపు జీవనవ్యయము, ఆనాటి లెక్కన 11,208 యూరోలు, బ్లాక్డ్ అకౌంటు అను ఖాతాలో జమచేయవలెను. అందు నుండి నెలకు 934 యూరోలు మాత్రమే తీసుకొనుటకు వీలుండును. మన రూపాయలలో అది దాదాపు పది లక్షలు. ఒక పల్లెటూరి అర్చకునకు అది ఎంత మొత్తమో చెప్పనక్కరలేదు. కొంత బ్యాంకు ఋణము, కొంత నా ధర్మపత్ని నగల తాకట్టు. అప్పులిచ్చినవారిలో ఒకరు, “పంతులుగారూ, ఆ చదువుకి ఉద్యోగం వస్తుందంటారా?” అని అడిగినారు. నాకు తెలియదన్నాను.

అక్కడ ఆమె అనుభవించిన కష్టములు విదేశములకు పోయిన మన పిల్లలందరును ఎరిగినవే. ఉమ్మడి వంటగదిలో ఇతరులు మాంసము వండుకొనుచుండగా, తన గిన్నె, తన మూకుడు వేరుగా పెట్టుకొని పప్పన్నము వండుకొన్నది. డిసెంబరులో సాయంకాలము నాలుగు గంటలకే సూర్యాస్తమయము. గదిలో పొగను పసిగట్టు యంత్రము ఉండుటచే సంధ్యాదీపము వెలిగించుటకు వీలులేక చిన్న విద్యుద్దీపముతో సరిపెట్టుకొన్నది. “ఇది దోషమా నాన్నగారూ?” అని అడిగినది. దేశకాలములను బట్టి ఆచారము సంకోచించునని శాస్త్రమే చెప్పినది తల్లీ అన్నాను. అంతవరకు నేనే గురువును.

మొదటి మాసములోనే ఒక తరగతిలో ప్రతి విద్యార్థియు తన ఊరి నీటివనరు ఒకదానిని గురించి ఐదు నిమిషములు మాట్లాడవలసి వచ్చినదట. మా అమ్మాయి మా ఆలయపు బావిని గురించి చెప్పినది. ఆ జలముతోనే తరతరములుగా స్వామికి అభిషేకము జరుగుచున్నదనియు, ఆ అభిషేక జలమునే భక్తులకు తీర్థముగా ఇత్తురనియు వర్ణించినది. అప్పుడు నైజీరియా నుండి వచ్చిన సహాధ్యాయిని, “ఆ నీటిలో ఏమున్నది? ఎప్పుడైనా పరీక్షించినారా?” అని అడిగినదట. ఆ రాత్రి అమ్మాయి ఫోనులో నన్ను అదే ప్రశ్న అడిగినది. “గంగ ఉన్నదమ్మా” అని నవ్వి ఊరుకొన్నాను.

ఇక్కడ ఆ ప్రాంతమును గురించి కొంత చెప్పవలెను. కాట్‌బుస్ ఉన్న లుసాటియా సీమ లిగ్నైటు గనుల సీమ. మా పరవాడ ప్రక్కన సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొని 2000 మెగావాట్ల ఎన్టీపీసీ తాపవిద్యుత్కేంద్రము ఉన్నట్లే, ఆ నగరమునకు సమీపమున యెన్‌ష్వాల్డె విద్యుత్కేంద్రము ఉన్నది. మన కేంద్రమునకు బొగ్గు ఒడిశా నుండి రైలులో వచ్చును. వారి బొగ్గు వారి ఊళ్ళ క్రిందనే ఉన్నది. గని త్రవ్వుటకు భూగర్భజలమును తోడివేయుదురు. అంతవరకు నీటిలో మునిగియున్న శిలలలోని గంధక లోహఖనిజమునకు, అనగా పైరైటుకు, గాలి తగిలి అది మార్పుచెందును. గని మూసిన తరువాత నీరు మరల పైకి ఊరునప్పుడు, అందు నుండి ఇనుమును, సల్ఫేటును కడుగుకొని నదిలో చేర్చును. ఇనుము తుప్పు రంగుగా మారును. స్ప్రే అను ఆ నది కొన్ని తావులలో గోధుమ వర్ణముతో ప్రవహించుచున్నది.

తరగతివారితో కలిసి మా అమ్మాయి ఆ నదిని చూచినది. స్ప్రెంబెర్గ్ అను చోట ఒక జలాశయము కలదు. దానికి ఎగువన నీరు గోధుమవర్ణము. జలాశయములో ఇనుము చాలవరకు అడుగునకు దిగిపోవుటచేత దిగువన, కాట్‌బుస్ నగరమున, నీరు తేట. చూచినవారు నది బాగుపడినదని అనుకొందురు. కాని నీటిలో కరిగిన సల్ఫేటు ఆ జలాశయములో ఆగదు. వర్ణము లేక, వాసన లేక, ఆ తేటనీటితోనే ఉత్తరముగా బెర్లిన్ వైపు సాగిపోవును. ఆ మహానగరపు త్రాగునీటిలో కొంత ఆ నది నుండియే వచ్చుచున్నది కనుక, నీటి సరఫరా చేయువారికి అది తీరని చింత.

ఆమె ఇది చెప్పుచుండగా నాకు ఛాందోగ్యోపనిషత్తు స్ఫురించినది. శ్వేతకేతువు పన్నెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువది నాల్గవ యేట సర్వవేదములను చదివి, గర్వముతో తిరిగివచ్చినాడు. తండ్రియగు ఉద్దాలకుడు అతనిచేత ఉప్పును నీటిలో వేయించి, మరునాడు ఆ ఉప్పును తెమ్మన్నాడు. కనబడలేదు. పైనుండి, మధ్యనుండి, అడుగునుండి ఆచమింపుమన్నాడు. అంతటను ఉప్పే. ఆ పాఠము సద్వస్తువును గురించినది, అదృశ్యమై సర్వత్ర వ్యాపించిన ఆత్మను గురించినది. నేను దానిని లౌకికార్థమునకు దించుచున్నానని పెద్దలు ఆక్షేపింపవచ్చును. కాని ఉపమానము ఉపమానముగా కూడా సత్యమే కావలెను గదా. నీటిలో కరిగినది కంటికి కనబడదు, లేదనుకొనరాదు. ఈ సంగతి ఉద్దాలకుడు కుమారునికి చెప్పినాడు. మా ఇంట కుమార్తె తండ్రికి చెప్పవలసి వచ్చినది.

ఆమె చూచిన మరియొక స్థలమును కూడా పేర్కొనవలెను. లుసాటియాలో సోర్బులను అల్పసంఖ్యాక జాతివారు కలరు. వారి భాష వేరు. కాట్‌బుస్ వీథుల పేర్లు కూడా జర్మను, సోర్బు భాషలు రెంటను వ్రాయబడి ఉండును. బొగ్గు గనుల కొరకు ఆ సీమలో నూటికి పైగా గ్రామములు పూర్తిగానో కొంతగానో తొలగింపబడినవి. హోర్నో అను గ్రామము వారు ఏండ్ల తరబడి పోరాడి ఓడిపోయినారు. 2004 నవంబరులో అక్కడి చర్చిని కూల్చివేసినారు. ఊరివారు ఫోర్స్ట్ పట్టణమున కొత్త హోర్నో కట్టుకొని, అక్కడ అదృశ్యమైన గ్రామములన్నిటికి ఒక స్మృతిశాలను ఏర్పరచినారు. దానిని చూచి వచ్చిన రాత్రి అమ్మాయి అడిగిన మాట, “నాన్నగారూ, మన తాడి వాళ్ళు ఎలా ఉన్నారు?” ఫార్మాసిటీని ఆనుకొనియున్న మా మండలపు తాడి గ్రామస్థులు, కాలుష్యమును భరింపలేక తమ ఊరిని వేరొకచోటికి తరలింపుమని సంవత్సరముల తరబడి కోరుచున్న సంగతి ఈ జిల్లాలో అందరును ఎరిగినదే. ఊరు తరలినప్పుడు గ్రామదేవత ఏమగునో, ఆమె జాతర ఏమగునో ఏ నష్టపరిహారపు పట్టికలోను ఉండదు. ఒక అర్చకునకు ఆ చింత తప్పదు.

కార్తీకములో అమ్మాయి ఇంటికి వచ్చినది. వచ్చిన రెండవనాడు స్నానానంతరము ఆలయమునకు వచ్చి, బావి నుండి చెంబెడు నీరు తోడి, తనతో తెచ్చిన చిన్న మాపకమును అందులో ముంచినది. నీటిలో కరిగిన లవణముల మొత్తమును అది చూపునట. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో అట్టి కరిగిన ఘనపదార్థములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలు; వేరొక ఆధారము లేనిచోట 2000 వరకు అనుమతింతురు. మా బావి నీరు ఆ పైహద్దునకు దగ్గరగా ఉన్నది. అదియు వర్షములు కురిసిన తరువాత. వైశాఖములో ఎట్లుండునో తెలియదు.

నేను వెంటనే, “ఇది ఆ ఫ్యాక్టరీల పుణ్యమే” అన్నాను. ఆమె తల అడ్డముగా ఊపినది. “అలా అనకూడదు నాన్నగారూ. మనం సముద్రానికి దగ్గరగా ఉన్నాం. బోర్లు ఎక్కువైతే ఉప్పునీరు లోపలికి రావచ్చు. నేల స్వభావం కావచ్చు. పరిశ్రమలూ కావచ్చు. ఈ ఒక్క అంకె కారణం చెప్పదు. ప్రయోగశాలలో ఒక్కొక్కటీ విడిగా చూడాలి.” పరదేశమున ఆమె నేర్చిన విద్యలో నాకు అన్నిటికంటె నచ్చినది ఈ సంయమనమే. న్యాయశాస్త్రమున హేత్వాభాసములను గురించి మేము చదివినది ఇదియే. చదివి, తొందరపడినవాడిని నేను.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నకు నా వద్ద ఉత్తరము లేకపోయినది. “మనం ఇంట్లో వాటర్ టిన్ను నీళ్ళే తాగుతున్నాం కదా. మరి తీర్థం?”

ఇదియే నా దోషము. బావి నీరు ఉప్పుగా మారినదని ఆరేడు సంవత్సరముల క్రిందటనే మా ఇంట త్రాగుట మానివేసి, ఇరవై లీటర్ల టిన్నులు కొనుచున్నాము. కాని అదే నీటితో అభిషేకము చేసి, పచ్చకర్పూరము, ఏలకుల పొడి కలిపి, నా చేతులతో భక్తుల దోసిళ్ళలో పోసినాను. గర్భిణులు పుచ్చుకొన్నారు, పసిపిల్లలు పుచ్చుకొన్నారు. కర్పూరపు సుగంధము ఉప్పు రుచిని కప్పినది. నేను త్రాగని నీటిని స్వామి పేరున ఇతరులకు ఇచ్చినాను. అది మోసమని ఒక్కనాడును నాకు తోచలేదు.

ఇప్పుడు మిత్రుని రెండవ ప్రశ్న. వేదములో లేనిదా? ఉన్నది. మేము నిత్యము హారతి తరువాత చెప్పు మంత్రపుష్పము తైత్తిరీయారణ్యకములోని అరుణ ప్రశ్నలోనిది. జలముల పుష్పమును, జలముల ఆయతనమును ఎరిగినవానికి కలుగు ఫలమును అది చెప్పును. అదే ప్రశ్నలో కొన్ని అనువాకముల తరువాత, ఇటుకలకు మారుగా జలమునే పేర్చు ఆరుణకేతుక చయనమును చేయువాని వ్రతములు చెప్పబడినవి. నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు; ఏలనగా జలములలో అగ్ని గూఢముగా ఉన్నాడు. ఇట్లు నడుచుకొనువానిని జలములు హింసింపవట. మనుస్మృతి చతుర్థాధ్యాయము నీటిలో వేయరాని వాటిలో విషములను కూడా పేరుపెట్టి చెప్పినది. సముద్రయానమును నిషేధించిన ధర్మశాస్త్ర సంప్రదాయమే దీనిని కూడా నిషేధించినది. మొదటి నిషేధమును చూపి ఒక ఆడపిల్లను ప్రశ్నించి, రెండవదానిని గురించి ఊరు ఊరంతయు మౌనము వహించుట ఎట్టి శాస్త్రనిష్ఠ?

మంత్రపుష్పమును నలుబది ఏండ్లుగా చెప్పుచున్నాను. అనుదాత్త స్వరితములలో తప్పు రాలేదు. కార్తీక పౌర్ణమి మరునాడు మా చెరువు గట్టున చూడుడు: ప్లాస్టిక్ దొన్నెలలో దీపములు, కవర్లలో కట్టి విసరిన నిర్మాల్యము, నూనె తెట్టు. ఇది ఏ పరిశ్రమ వారును చేసినది కాదు. మన భక్తి చేసినది. వేదములో ఉన్నదని గర్వించుటకును, వేదము చెప్పినట్లు నడచుటకును మధ్య ఉన్న దూరము పరవాడకు కాట్‌బుస్‌కు మధ్య ఉన్న దూరము కంటె తక్కువ కాదు.

వేదము నియమమును ఇచ్చినది. కొలుచు ఉపాయమును ఎక్కడ దొరికిన అక్కడ నేర్చుకొనవలెను. యవనులు మ్లేచ్ఛులైనను జ్యోతిశ్శాస్త్రము వారియందు చక్కగా నెలకొనియున్నది కనుక వారిని ఋషుల వలె గౌరవింపవచ్చునని వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒప్పుకొన్నాడు. అదే గ్రంథమున కలుషిత కూపజలమును తేర్చుటకు ఉసిరిక, తుంగముస్త, చిల్లగింజ మొదలగు వాటిని చెప్పినాడు. మా అమ్మమ్మగారు బిందె లోపల చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చుట నేను కన్నులార చూచినాను. అది మంచి విద్య. కాని చిల్లగింజ మట్టిని దింపును. కరిగిన ఉప్పును దింపలేదు. స్ప్రెంబెర్గ్ జలాశయము ఇనుమును ఆపి సల్ఫేటును విడిచినట్లే. మన పూర్వులకు ఎదురైన మాలిన్యమునకు వారి ఉపాయము చాలినది. మనకు ఎదురైనది వేరు.

పరదేశమును పొగడుట నా ఉద్దేశము కాదు. ఆ దేశము ఇప్పటికిని బొగ్గు మండించుచున్నది. 2038 లోపల మానవలెనని 2020లో చట్టము చేసికొన్నది. 2015లో మూసిన ఒక గనిని 2019 నుండి నదీజలముతో నింపి, పందొమ్మిది చదరపు కిలోమీటర్ల సరస్సుగా మార్చినది. ఆ జలము చాలునా అను వివాదమును అక్కడనే ఉన్నది. అట్లే మా పరిశ్రమలను తిట్టుటయు నా ఉద్దేశము కాదు. ఉదయపు డ్యూటీకి పోవుచు స్వామికి నమస్కరించి పోవు యువకులు మా భక్తులే. వారి జీతములే ఈ ఊరి అన్నము. గర్భాలయములో వెలుగు దీపము నూనెదైనను, మండపములో తిరుగు పంకా ఆ విద్యుత్తుదే. అందువలన ఎవరినో వేలెత్తి చూపుటకు ముందు నా చేతిలోని ఉద్ధరిణెను చూచుకొనవలెనని నిశ్చయించుకొన్నాను.

అమ్మాయి సలహాతో ఆలయములో కొన్ని మార్పులు చేసినాము. తీర్థమునకు బావి నీరు మానినాము. మండపము పైకప్పు మీది వర్షజలమును తొట్టిలోనికి మళ్ళించు ఏర్పాటు జరుగుచున్నది. అంతరిక్షము నుండి పడు జలమును ఆయుర్వేదము శ్రేష్ఠమన్నది గదా. అయినను తొలివానను విడిచి, పట్టిన నీటిని కూడా పరీక్షించిన తరువాతనే వాడవలెనని ఆమె నియమము. మూడు మాసములకొకసారి బావి నీటిని, తొట్టి నీటిని ప్రయోగశాలకు పంపి, ఫలితమును నోటీసు బోర్డున వ్రాయుదుము. ప్లాస్టిక్ దొన్నెలను ఆలయ ప్రాంగణములోనికి రానీయము.

ఇది సులభముగా జరుగలేదు. “దేవుడి నీళ్ళకి పరీక్షలా పంతులుగారూ? బోర్డు పెడితే తీర్థం ఎవరు తీసుకుంటారు?” అని పెద్దలు కోపించినారు. నిజముగనే కొందరు భక్తులు కొంతకాలము దోసిలి పట్టుట మానినారు. నాకు బాధ కలిగినది. కాని వస్త్రముతో వడగట్టిన నీటినే త్రాగుమని శాస్త్రము చెప్పినప్పుడు అదియు పరీక్షయే గదా. స్వామి సాన్నిధ్యమున నీరు పవిత్రమగునను విశ్వాసము నాకు లవలేశమును తగ్గలేదు. స్వామికి సమర్పించు ముందు ఆ నీటిని శుచిగా ఉంచుట అర్చకుని విధి. ఆ విధిని విశ్వాసము మీదికి నెట్టివేయరాదు.

అమ్మాయి మరల జర్మనీకి వెళ్ళినది. చదువు ముగిసినవారు ఉద్యోగము వెదకుకొనుటకు ఆ దేశము పదునెనిమిది మాసముల గడువు ఇచ్చును. తిరిగి వచ్చునో, అక్కడనే ఉండిపోవునో నాకు తెలియదు. తండ్రిగా రావలెనని ఉన్నది. అప్పు తీరవలెనని కూడా ఉన్నది. మనిషి మూడు ఋణములతో పుట్టునని వేదము చెప్పినది. ఋషిఋణము చదువుటతోను, చదివినది చెప్పుటతోను తీరును. వెళ్ళుటకు ముందు మా వేదపాఠమునకు వచ్చు నలుగురు పిల్లలకు ఆ మాపకమును వాడుట నేర్పి, దానిని ఇక్కడనే విడిచిపోయినది. ఆ పిల్లలు ఇప్పుడు ప్రతి సోమవారము బావి నీటిని కొలిచి ఒక నోటు పుస్తకములో వ్రాయుచున్నారు. అంకె ఎక్కువైననాడు పెద్దవాడు నా వద్దకు పరుగెత్తుకొని వచ్చి చెప్పును.

సహ అర్చక మిత్రులకు, ఆలయ ధర్మకర్తలకు నా ప్రార్థన ఒక్కటే. మీరు మీ ఇంట త్రాగని నీటిని తీర్థముగా ఇచ్చుచున్నారేమో ఈ పక్షములోనే విచారించుడు. ఒక సీసా నీటిని ప్రయోగశాలకు పంపుడు. ఫలితము ఎట్లున్నను దాచకుడు. ఇక నా ఘనపాఠి మిత్రునకు, ఆయన వచ్చు మాసములో అభిషేకమునకు వచ్చినప్పుడు, ఆ నోటు పుస్తకమును చేతికిచ్చి, ఆ తరువాతనే బౌధాయనుని గురించి మాట్లాడుదమని చెప్పదలచినాను.

స్వస్తి.